కొత్త మానవీయ శాస్త్రాల పాఠ్యప్రణాళిక: ప్రాథమిక తరగతుల్లో ఎలా అమలు చేయాలి

చరిత్ర, భూగోళం, పౌరనీతి, సాహిత్యం, కళలను ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లిన పాఠ్యప్రణాళిక పాఠశాలకు వచ్చినప్పుడు, ఉపాధ్యాయుల చేతికి ముందుగా అందేది లావుపాటి కరదీపిక. దాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకుని రోజుకో పాఠం చొప్పున చెప్పుకుంటూ పోవడం మొదటి ఏడాది చాలామంది చేసే పని. నేనూ అలాగే చేశాను. మూడు వారాలు గడిచాక పాఠాలన్నీ పూర్తయ్యాయి గానీ, ఆ యూనిట్ దేని గురించో పిల్లలు రెండు మాటల్లో చెప్పలేకపోయారు. అందుకే యూనిట్ ముగిసేసరికి పిల్లలు తమ మాటల్లో ఏం వివరించగలగాలో ముందుగా ఒకటి రెండు వాక్యాల్లో రాసుకుని, ఆ తర్వాతే కరదీపిక తెరవమని చెబుతాను.

ఆ వాక్యాలను ఒక్కరే కూర్చుని రాయకూడదు. ఒకే తరగతికి బోధించేవారంతా కలిసి, పిల్లలకు ఇవ్వబోయే పుస్తకాలను తామే చదివి, పిల్లలకు వేయబోయే ప్రశ్నలకు తామే జవాబులు రాసి చూసుకోవాలి. నదీలోయ నాగరికతల యూనిట్‌నే తీసుకుందాం. రాత ఎందుకు పుట్టిందని అడిగితే, కథలు దాచుకోవడానికని పెద్దవాళ్లలో కూడా చాలామందికి తోస్తుంది. కానీ నేటి ఇరాక్‌లోని ప్రాచీన నగరం ఉరుక్‌లో దొరికిన, సుమారు క్రీ.పూ. 3200 నాటివైన మట్టి పలకల్లో ఎక్కువ భాగం ధాన్యం, పశువులు, కూలీల బత్తేల లెక్కలే. వరద తెచ్చిన ఒండ్రు వల్ల పంట బాగా పండింది, తిన్నది పోగా మిగిలింది, మిగిలినదాన్ని నిల్వచేయాల్సి వచ్చింది, నిల్వకు లెక్క కావాల్సి వచ్చింది, ఆ లెక్క నుంచే రాత ఎదిగింది. ఈ కార్యకారణ సంబంధం ఉపాధ్యాయునికి స్పష్టంగా తెలిస్తే, 'మిగులు' అనే ఒక్క పదం మీద అరగంట ఎందుకు వెచ్చించాలో, రాజుల పేర్ల జాబితాను ఎందుకు వదిలేయవచ్చో తనంతట తానే నిర్ణయించుకోగలుగుతారు.

సమయం దొరకదన్నది తరచూ వినిపించే అభ్యంతరం. చదివే నైపుణ్యం పెంచడానికంటూ కేటాయించిన పీరియడ్‌లో సంబంధం లేని పేరాలు చదివించే బదులు, ఈ యూనిట్‌కు చెందిన పుస్తకాలనే చదివించడం మేలు. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 64 మంది విద్యార్థులకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగం ఇచ్చి చదివించారు. పఠన పరీక్షల్లో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లలకన్నా దాన్ని బాగా అర్థం చేసుకున్నారు. విషయ పరిజ్ఞానం పెరగకుండా పఠనం ఒక్కటే పెరగదని నేను గట్టిగా నమ్ముతాను కాబట్టే, ఈ మార్పు విషయంలో ప్రధానోపాధ్యాయులు వెనుకాడకూడదంటాను.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు తాము చదవగలిగినదానికన్నా చాలా ఎక్కువ విని అర్థం చేసుకుంటారు కనుక, అక్కడ ఉపాధ్యాయుడు పైకి చదివి వినిపించడమే ప్రధాన బోధన. మధ్యలో ఆపి అడిగే ప్రశ్నలు రెండు మూడుకు మించకూడదు.

ఈ వయసు పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది కాలం. తరగతి గోడ పొడవునా ఒక తాడు కట్టి, వెయ్యేళ్లకు ఒక మీటరు చొప్పున గుర్తులు పెట్టించండి. ఎనిమిదేళ్ల పిల్లవాడి జీవితం అందులో ఎనిమిది మిల్లీమీటర్లు. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ జీవితం ఏడు సెంటీమీటర్లు. ఉరుక్ పలకలు ఐదు మీటర్లు దాటాక ఎక్కడో ఉంటాయి. తన వేలిగోరంత లేని ముక్కను చూసుకుని, పలక గుర్తు దాకా గోడ వెంట నడిచి వెళ్లిన పిల్లవాడికి 'చాలా ఏళ్ల క్రితం' అన్న మాటకు కొలత దొరుకుతుంది. ఏడాది పొడవునా ప్రతి యూనిట్‌నూ ఆ తాడు మీదికే తీసుకురావాలి, కాబట్టి దాన్ని మధ్యలో తీసేయకండి.

పిల్లలకు ఏం వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. 'ధాన్యం మిగిలింది, కాబట్టి...', 'ధాన్యం మిగిలింది, కానీ...' అని రెండు అసంపూర్ణ వాక్యాలు ఇచ్చి పూర్తిచేయమనండి. 'కాబట్టి కుండల్లో దాచారు' అని రాసినవారికి సగం అర్థమైంది. 'కానీ ఎవరిది ఎంతో గుర్తుండలేదు' అని రాసినవారు రాత పుట్టుక గడప దాకా వచ్చేశారు. ఖాళీగా వదిలేసినవారితో ఆ మర్నాడే పది నిమిషాలు కూర్చోవాలి.

మొదటి ఏడాది యూనిట్లన్నీ పూర్తిచేయాలన్న పట్టుదల వద్దు. ఉన్నవాటిలో కొన్నిటిని ఎంచుకుని లోతుగా చెప్పండి. ఏ పాఠం ఎక్కడ ఆగిపోయిందో, పిల్లలు ఏ ప్రశ్న అడిగారో ఆ రోజు సాయంత్రమే కరదీపిక అంచున పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది ఆ తరగతికి కొత్తగా వచ్చే ఉపాధ్యాయుడికి ఆ పుస్తకాన్నే అందజేయండి.