అమెరికాలో మిలిటరీ బేస్ లోపల ఇల్లు అద్దెకి తీసుకునే ముందు మన పిల్లలు చూసుకోవాల్సినవి

మా కావలి నుంచి, అటు కందుకూరు, ఒంగోలు నుంచి అమెరికా పోయిన పిల్లలు చాలామందే ఉండారు గదా, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నన్ను అడిగారు, అంకుల్ ఇక్కడ ఆర్మీ బేస్ లోపల ఇళ్ళు బయటివాళ్ళకి కూడా ఇస్తున్నారంట తీసుకోవచ్చా అని. మా అల్లుడు డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర, అంటే మిలిటరీకి పనులు చేసిపెట్టే ప్రైవేట్ కంపెనీలో, పని చేస్తా రెండేళ్ళు అట్టాంటి ఇంట్లోనే ఉన్నాడు, నేనూ మా ఆవిడా నాలుగు నెలలు అక్కడ ఉండి వచ్చాం, అందుకే ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పేబదులు అంతా ఒకచోట రాస్తున్నా.

మిలిటరీ జాగాలో మనకెట్టా ఇస్తారు అనే అనుమానం నాకూ వచ్చింది. మన దగ్గర మిలిటరీ క్వార్టర్ అంటే ఉద్యోగం ఉన్నన్నాళ్ళే, బయటివాళ్ళకి అద్దెకివ్వడం అనే మాటే లేదు. అక్కడ 1996లో చట్టం చేసి బేసుల్లో ఫ్యామిలీ ఇళ్ళని ప్రైవేట్ కంపెనీల చేతికిచ్చారు, నేల గవర్నమెంటుదే, దాన్ని చాలాచోట్ల 50 ఏళ్ళ లీజుకిచ్చారు, ఇళ్ళు కట్టేది బాగుచేసేది అద్దె వసూలు చేసేది కంపెనీ. సైనికులకి ఇంటి కోసం వచ్చే అలవెన్సే ఆ కంపెనీకి అద్దె. అంటే ఇల్లు ఖాళీగా పడుంటే కంపెనీకి నష్టం, అందుకని మామూలుగా నూటికి 95 ఇళ్ళ కంటే తక్కువ నిండితే మిగతావాళ్ళకి తలుపు తీస్తారు.

ఆ తియ్యడానికి ఒక వరస ఉంది, ఇది బాగా అర్థం చేసుకోండి. ముందు ఆ బేస్‌లో పనిచేసే సైనికుల కుటుంబాలు, తర్వాత ఒంటరి సైనికులు, వేరే బేసులవాళ్ళు, పార్ట్‌టైమ్ సైనికులైన రిజర్వ్, నేషనల్ గార్డ్ వాళ్ళు, గవర్నమెంట్ సివిల్ ఉద్యోగులు, రిటైరైన మిలిటరీవాళ్ళు, కాంట్రాక్టర్ ఉద్యోగులు, అందరికంటే చివర మామూలు జనం. మధ్యలో వరస బేస్‌ని బట్టి మారుద్ది గానీ మనం చివరే. ఇంకోటి, మనం ఎక్స్-సర్వీస్‌మెన్ అని అందర్నీ ఒకే మాటతో పిలుస్తాం, అక్కడ రిటైరీ వేరు వెటరన్ వేరు. మామూలుగా 20 ఏళ్ళు చేసి పెన్షన్ తీసుకునేవాడు రిటైరీ, నాలుగేళ్ళు చేసి బయటికొచ్చినవాడు వెటరనే గానీ రిటైరీ కాదు, చాలాచోట్ల వాడు మామూలు జనంతోపాటే లైన్లో ఉంటాడు. మీవాళ్ళలో ఎవరైనా అక్కడ సర్వీస్ చేసొచ్చి ఉంటే డీడీ-214 అనే డిశ్చార్జ్ కాగితం దగ్గర పెట్టుకోని మాట్లాడండి.

అప్లై చెయ్యడం పెద్ద కష్టం కాదు. బేస్ పేరుతో వెతికితే ఆ ఇళ్ళ కంపెనీ వెబ్‌సైట్ వస్తుంది, లీజింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఇప్పుడు ఏ కేటగిరీ దాకా ఇస్తున్నారు, సిటిజెన్ కాకపోతే ఇస్తారా అని ఈ రెండే ముందు అడగండి, హెచ్1బీలో ఉన్నవాళ్ళు ఈ రెండోది అడక్కుండా అప్లికేషన్ ఫీజు కట్టొద్దు. తర్వాత జీతం స్లిప్పులు, క్రెడిట్ చెక్, ఇంట్లో పెద్దవాళ్ళందరికీ పోలీస్ రికార్డు చెక్ ఉంటాయి, గేటు పాస్‌కి మళ్ళీ ఇంకో చెక్ ఉంటది. కారు లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కరెక్టుగా ఉండాలి, లోపల ఎప్పుడైనా కారు ఆపి చూడొచ్చు వాళ్ళు. మన నెల్లూరులో మాగుంట లేఅవుట్‌లో టూలెట్ బోర్డు చూసి పోతే ముందు ఏవుట్లు మీరు, అంటే ఏ కులం, నాన్‌వెజ్ తింటారా అని అడుగుతారే, అట్టాంటివి ఏమీ లేవు, 1968 నాటి చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదు. ఆ విషయంలో నాకు చాలా సంతోషం అనిపించింది.

ఇప్పుడు అసలైంది, లీజు. సైనికుల కోసం 2020 నాటి రక్షణ బడ్జెట్ చట్టంలో అద్దెదారుల హక్కులు పెట్టారు, 2018లో బూజు పట్టిన గోడలు, సీసం ఉన్న పెయింట్లు, పిల్లలకి జబ్బులు అని పేపర్లలో వచ్చి గొడవైన తర్వాత వచ్చినవి అవి. కానీ ఆ చట్టంలో అద్దెదారు అంటే సైనికుడు, వాళ్ళ కుటుంబం. మనం కాదు. పైగా కొన్ని బేసుల నేల మీద ఆ రాష్ట్రం అద్దె చట్టాలు కూడా పూర్తిగా వర్తించవు, నేల ఫెడరల్ గవర్నమెంటుది కాబట్టి. అంటే మనకున్న బలం అంతా ఆ లీజు కాగితమే అయ్యా, అందుకని ప్రతి లైను చదవండి. రిపేర్ ఎన్ని రోజుల్లో చేస్తారు, కరెంటు నీళ్ళు అద్దెలోనేనా, ఏడాది అయ్యాక రెన్యూ చేస్తారా. సైనికుల వెయిటింగ్ లిస్ట్ పెరిగితే మన లీజు రెన్యూ చెయ్యకపోవచ్చు, మా అల్లుడికి మూడో ఏడు ఇవ్వలేదు, పిల్లాడి స్కూల్ సంవత్సరం మధ్యలో ఇల్లు వెతుక్కోవాల్సొచ్చింది. నోటీస్ 60 రోజులన్నా ఉండేటట్టు అడిగి రాయించుకోండి. స్కూల్ సంగతి కూడా ముందే తేల్చుకోండి, కొన్ని బేసుల్లో లోపలి స్కూల్ మిలిటరీ పిల్లలకే.

ఇంట్లోకి దిగే రోజు సామాన్లు దించకముందే వీడియో తియ్యండి, బాత్రూం మూలలు, సింకు కింద, ఏసీ గాలి వచ్చే జాలీలు, కిటికీ అంచులు. తడివాసన వస్తే రాతపూర్వకంగా పెట్టండి, నోటి మాట పనికిరాదు. 1978 కంటే ముందు కట్టిన ఇల్లయితే సీసం పెయింట్ గురించి కాగితం వాళ్ళే ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగండి, పాకే పిల్లలున్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం. గంజాయి ఆ రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా బేస్ లోపల నేరమే, ఫ్రెండ్స్ ఎవరైనా వస్తే గట్టిగా చెప్పండి.

తల్లిదండ్రులు ఇక్కడి నుంచి వచ్చేదుంటే ఇంకోటి. మేం శుక్రవారం రాత్రి దిగాం, గేటు దగ్గర మావి ఇండియా పాస్‌పోర్టులని చూసి విదేశీయులకి ముందే అప్రూవల్ కావాలి, ఆఫీసు సోమవారం తీస్తారు అన్నారు. చేపల పులుసు పొడి, గోంగూర పచ్చడి సీసాలు పెట్టుకోని మూడు రాత్రులు మోటెల్లో ఉన్నాం, మనవడు గేటు లోపల మేం బయట. మా అమ్మాయి ఆ మూడు రోజులూ ఏడుస్తానే ఉంది. అందుకని టికెట్ కొన్న రోజే పాస్‌పోర్ట్, వీసా కాపీలు పంపించి పాస్ ఎన్ని రోజులకిస్తారు, ఎన్నిసార్లు రెన్యూ చేస్తారు కనుక్కోండి.

లోపలికి పోయాక మాత్రం ఊరు ప్రశాంతంగా ఉంటది. సాయంత్రం అయిదింటికి బ్యూగిల్ మోగి జెండా దించుతారు, కార్లు రోడ్డు మధ్యలోనే ఆగిపోతాయి, నడిచేవాళ్ళు ఎక్కడోళ్ళక్కడ నిలబడతారు. మొదటి రోజు మా ఆవిడ భయపడి నా చెయ్యి పట్టుకుంది. సెల్యూట్ చెయ్యాల్సిన పనిలేదు, ఫోన్ పక్కన పెట్టి జెండా వైపు తిరిగి ఊరికే నిలబడితే చాలు, మోగడం ఆగాక నడవొచ్చు.