అత్తమ్మకు మాటలు వినపడేలా రిసీవర్ సెట్ చేసిన తీరు

నిరుడు దసరాకు ముందు మా ఆయన దుబాయ్ నుంచి కార్గోలో డెనాన్ కంపెనీ రిసీవర్ (టీవీ శబ్దాన్ని స్పీకర్లన్నింటికీ పంచే పెట్టె), ఐదు స్పీకర్లు, బరువైన శబ్దాలు పలికించే ఒక సబ్‌వూఫర్ పంపారు. జగిత్యాలలో మా హాల్లో వాటిని బిగించింది ఒక మెకానిక్. మర్నాడు సాయంత్రమే అత్తమ్మ అన్నది: “డప్పులే ఇనవడుతున్నయి బిడ్డా, మాటలు ఇనవడుతలేవు.”

ఆమెకు డెబ్బై రెండేళ్లు. పగలంతా బీడీలు చేసి, ఏడింటికి సీరియల్ ముందు కూర్చుంటుంది. అంత డబ్బు పెట్టిన వస్తువు ఆమెకే పనికిరాకపోతే నాకు మనసొప్పలేదు. మాన్యువల్ చదువుతూ, అర్థం కానిది వీడియో కాల్‌లో మా ఆయనను అడుగుతూ, వారం రోజుల్లో మొత్తం మళ్లీ సెట్ చేశాను. మీ ఇంట్లో కూడా సెట్టు ఉండి, మాటలు సరిగ్గా వినపడకపోతే ఈ వరుసలో చూసుకోండి.

ముందు కరెంటు సంగతి. దుబాయ్‌లో, మన దగ్గర వోల్టేజీ దాదాపు ఒకటే కాబట్టి అక్కడి రిసీవర్ ఇక్కడ నడుస్తుంది. ప్లగ్గు మాత్రం వేరు, అక్కడివి పలక పిన్నులు. మా దానికి పవర్ వైరు ఊడివస్తుంది, అందుకని మన గుండ్రటి పిన్నుల వైరు కొని మార్చాను. అమెరికా నుంచి తెచ్చుకున్నవాళ్లు మాత్రం వెనక స్టిక్కర్ చదవకుండా ప్లగ్గు పెట్టొద్దు. 120 వోల్ట్ అని మాత్రమే రాసి ఉంటే, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్ట్‌కు పెడితే కాలిపోతుంది.

ఇక వైర్లు. ప్లగ్గు తీసేసి మొదలుపెట్టండి. ప్రతి స్పీకర్‌కూ వెనక ఒక ఎర్ర బిగింపు, ఒక నల్ల బిగింపు ఉంటాయి. రిసీవర్ వెనకా అంతే. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోవాలి. వైరులో ఒక పోగు మీద గీత గానీ వేరే రంగు గానీ ఉంటుంది, దాన్నే అన్నిచోట్లా ఎరుపుకు వాడితే తికమక ఉండదు. మా ఇంట్లో ఎడమ స్పీకర్ తిరగేసి కలిపి ఉంది. మోగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ రెండు స్పీకర్లలో ఒకటి తిరగబడితే ఒకటి గాలిని ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. రెండింట్లోనూ సమానంగా రావాల్సిన మనిషి గొంతు మధ్యలో నిలవకుండా చెదిరిపోతుంది. సబ్‌వూఫర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది కాబట్టి డప్పు మాత్రం దద్దరిల్లుతుంది. అత్తమ్మ చెప్పిందీ అదే కదా.

వైరు చివర తొడుగు ఒక సెంటీమీటరు మించి తీయకండి. లోపలి రాగి పోగుల్ని వేళ్ల మధ్య ఒకే వైపు మెలిపెట్టి, వత్తిలా గట్టిపడ్డాక రంధ్రంలో పెట్టి బిగించండి. తర్వాత టార్చి వేసి చూడండి. వెంట్రుకంత పోగు ఒక్కటి బయటికి వచ్చి పక్క బిగింపును తాకినా, రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయి ఎర్ర లైటు కొట్టుకుంటుంది. మాకు కుడి వెనక స్పీకర్ దగ్గర అలాగే అయింది. అప్పుడు మళ్లీ మళ్లీ ఆన్ చేయకూడదు. ప్లగ్గు తీసి, వైర్లన్నీ చూసి, సరిచేశాకే పెట్టాలి.

స్పీకర్ల చోటు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ముందువి రెండూ టీవీకి చెరో పక్క. సెంటర్ స్పీకర్ సరిగ్గా టీవీ కింద గానీ పైన గానీ. వెనకవి రెండూ కూర్చున్నవాళ్లకు పక్కల నుంచి కొంచెం వెనక్కి, చెవికంటే కాస్త ఎత్తులో. సెంటర్ ఒక్కదాని మీద మాత్రం శ్రద్ధ పెట్టండి, సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది దాంట్లోంచే. మాది టీవీ స్టాండ్ అరలో లోపలికి తోసి ఉండేది. అంచు దాకా ముందుకు లాగాను.

కేబుళ్లలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. సెట్‌టాప్ బాక్సు, ఫైర్ స్టిక్ రెండూ రిసీవర్‌కు పెట్టి, రిసీవర్ మీద మానిటర్ అవుట్ అని ఉన్నచోటు నుంచి ఒకే ఒక్క హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ టీవీకి వేయండి. టీవీ వైపు ఏ రంధ్రంలో పడితే ఆ రంధ్రంలో కాదు, పక్కన ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్నదాంట్లోనే. అప్పుడు టీవీలోనే ఉన్న యాప్‌ల శబ్దం కూడా అదే కేబుల్‌లో వెనక్కి వస్తుంది. రిసీవర్‌లో హెచ్‌డీఎమ్‌ఐ కంట్రోల్, ఏఆర్‌సీ ఆన్ చేయాలి. టీవీలోనూ చేయాలి. అక్కడ పేరు కంపెనీని బట్టి మారుతుంది: సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. ఆ తర్వాత టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎమ్ అని ఉంటే ఆటో గానీ పాస్‌త్రూ గానీ పెట్టండి. పీసీఎమ్‌లో ఉంటే చాలా టీవీలు రెండు ఛానెళ్లే, అంటే ఎడమ, కుడి శబ్దాలు మాత్రమే పంపుతాయి.

ఇప్పుడు అసలు పని. డబ్బాలో చిన్న మైకు ఒకటి వస్తుంది, దాన్ని చాలామంది అట్టపెట్టెలోనే వదిలేస్తారు. దాంతోనే రిసీవర్ మీ హాలును కొలుచుకుంటుంది: ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉంది, ఏది ఎంత గట్టిగా మోగుతోంది, గోడలు ఏ శబ్దాన్ని పెంచుతున్నాయి అని. డెనాన్‌లో దీని పేరు ఆడిసీ, యమహాలో వైపావో.

మాన్యువల్‌లో బొమ్మలన్నీ సోఫాలో కూర్చున్న మనిషివే. మా అత్తమ్మ సోఫా ఎక్కదు. దివాన్‌కు వీపు ఆనించి, చాప మీద పీట వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటుంది. టేపు పెట్టి చూస్తే నేల నుంచి ఆమె చెవికి రెండడుగుల అయిదంగుళాలు. నా ఫోన్ ట్రైపాడ్‌ను ఆ ఎత్తుకు దించి, మైకు కొన పైకప్పు వైపు చూసేలా పెట్టాను. మొదటిసారి మైకు పెట్టిన చోటే దూరాలకూ లెవెళ్లకూ లెక్క. కాబట్టి ఇంట్లో ఎవరు ఎక్కువగా చూస్తారో వాళ్ల చోటుతోనే మొదలుపెట్టండి. మిగతా కొలతలు అటూ ఇటూ అడుగు, రెండడుగుల దూరంలో తీసుకోవచ్చు, సోఫాలో చోటు కూడా అందులో కలపొచ్చు. మైకు చేత్తో పట్టుకోకూడదు. సోఫా వీపుకూ గోడకూ ఆనించకూడదు.

కొలిచేటప్పుడు ఒక్కో స్పీకర్ నుంచి ‘ఝుప్, ఝుప్’ అని గట్టి శబ్దం వరుసగా వస్తుంది. ఆ కొద్ది నిమిషాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ఆపాను, పిల్లల్ని మేడమీదికి పంపాను. అయినా చుట్టూ చప్పుడు ఎక్కువగా ఉందని ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ వంటింటి గుమ్మంలో తునికాకు కత్తిరిస్తోంది. కత్తెర కింద పెట్టి, ఆమె కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంది. రెండోసారి పూర్తయింది.

ఫలితాలు కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. స్పీకర్ల దూరాలు టేపుతో సరిపోవాలి. సబ్‌వూఫర్ దూరం మాత్రం ఎక్కువ చూపిస్తుంది. మా దానికి టేపుతో పది అడుగులు, రిసీవర్ లెక్కలో పదమూడు. దాని లోపలి సర్క్యూట్ వల్ల శబ్దం కాస్త ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యాన్ని కూడా దూరం కిందే రాసుకుంటుంది. దిద్దొద్దు. ముందు స్పీకర్లను లార్జ్ అని రాస్తే, ఇంట్లో వాడే మామూలు సైజువైతే, స్మాల్‌కు మార్చి క్రాస్‌ఓవర్ (శబ్దాన్ని స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ విడదీసే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. బరువైన శబ్దాలు సబ్‌వూఫర్‌కు పోయి, వీటికి గొంతు పలికే పని తేలికవుతుంది. సబ్‌వూఫర్ వెనక ‘లో పాస్’ అని ఉండే నాబ్‌ను చివరిదాకా, అంటే ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్నచోటి దాకా తిప్పాలి, ఎందుకంటే ఆ విభజన ఇప్పుడు రిసీవర్ చేస్తోంది.

ఇంత చేసినా సెంటర్ నుంచి మాట ఇంకా పలచగా ఉందనిపించింది. అత్తమ్మ చోట తల పెట్టి కూర్చుని చూస్తే స్పీకర్ ముఖం ఆమె మోకాళ్ల వైపు ఉంది. కింద ముందంచుకు మడతపెట్టిన అట్టముక్క పెట్టి పైకి వంచాను, మైకుతో మళ్లీ కొలిచాను. తర్వాత రిమోట్‌లో ఆప్షన్ నొక్కి, ఛానెల్ లెవెల్‌లో సెంటర్ ఒక్కదాన్ని 3 డెసిబెల్స్ పెంచాను. మొత్తం వాల్యూమ్ పెంచడం కంటే ఇది ఎంతో మేలు. అక్కడ పెంచితే డప్పులు కూడా పెరుగుతాయి.

రోజువారీ వాడకంలో అందరూ ఎక్కువగా తప్పేది సౌండ్ మోడ్ దగ్గర. రిమోట్ అడుగున మూవీ, మ్యూజిక్, గేమ్, ప్యూర్ అని నాలుగు బటన్లుంటాయి. ఎవరో మ్యూజిక్ నొక్కుతారు, తెర మీద స్టీరియో అని వస్తుంది. స్టీరియోలో సెంటర్ అసలు మోగదు. వెనకవీ మోగవు. మా ఇంట్లో మొదటి రోజున ఉన్నదీ ఇదే, పైగా ఎడమ స్పీకర్ తిరగబడి ఉంది. కాబట్టి మాట వినపడకపోతే వాల్యూమ్ దగ్గరికి పోకముందు రిసీవర్ ముఖం మీద ఏ మోడ్ రాసి ఉందో చదవండి. చాలా టీవీ ఛానెళ్ల సీరియళ్లలో శబ్దం ఎడమ, కుడి రెండు ఛానెళ్లలోనే వస్తుంది. వాటికి డాల్బీ సరౌండ్ మోడ్ పెడితే రిసీవరే గొంతును విడదీసి సెంటర్‌కు పంపుతుంది. ఓటీటీ సినిమాలో 5.1 (ఐదు స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ వేర్వేరు శబ్దం) ఉంటే డాల్బీ డిజిటల్ ప్లస్ అని తనంతట తానే చూపిస్తుంది, దాన్ని అలాగే వదిలేయండి. మల్టీ ఛానెల్ స్టీరియో అంటే ఐదింట్లోనూ ఒకే పాట. బతుకమ్మ రోజుల్లో పూలు పేరుస్తూ ఇల్లంతా పాట వినాలంటే అది బాగుంటుంది. సినిమాకు వద్దు.

రాత్రి పిల్లలు పడుకున్నాక డైనమిక్ వాల్యూమ్‌ను మీడియంలో పెడతాను. గుసగుసలు పైకి వస్తాయి, పేలుళ్లు తగ్గుతాయి. పగలు సినిమా చూసేటప్పుడు ఆఫ్. డైనమిక్ ఈక్యూ ఆన్‌లో ఉంటే తక్కువ వాల్యూమ్‌లో బేస్, వెనక స్పీకర్లు పెరుగుతాయి. మామూలు టీవీకి ఎక్కువ అనిపిస్తే దాని రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్‌ను 10కి మార్చండి. మా దాంట్లో వాల్యూమ్ 80 అంటే సినిమా హాలు స్థాయి. మేం వినేది 45కూ 50కీ మధ్య. చిన్నవాడు వాల్యూమ్ బటన్ అదిమి పట్టుకుంటాడని లిమిట్ 60 పెట్టాను, ఆన్ చేయగానే 40తో మొదలయ్యేలా కూడా పెట్టాను. పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోతే ఆడియో డిలే అని ఉంటుంది, కొద్దికొద్దిగా జరిపి చూడండి.

రిసీవర్ పైన ఏదీ పెట్టొద్దు. వేడి పైకే పోతుంది. మా ఇంట్లో దాని మీద లేసు గుడ్డ కప్పి ఫోటో పెట్టి ఉండేది. ఫోటో గోడకెక్కింది.

చివరగా ఇన్ని మెనూలు అత్తమ్మకు ఎందుకని క్విక్ సెలెక్ట్ వాడాను. సెట్‌టాప్ బాక్సు, డాల్బీ సరౌండ్, వాల్యూమ్ 48 అన్నీ కుదిరాక, మెమరీ అని వచ్చేదాకా 1వ నంబరు బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆ బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. ఎవరు ఏ మోడ్ మార్చి పోయినా, ఏడింటికి ఆమె ఆ చుక్క నొక్కుతుంది, అన్నీ తన లెక్కకు వచ్చేస్తాయి. 2వ నంబరులో ఫైర్ స్టిక్, వాల్యూమ్ 58 దాచాను, మా ఆయన సెలవుకు వచ్చినప్పటికి.