గర్భసంచి క్యాన్సర్ ఆనవాళ్లను మామూలు రక్తపరీక్షల్లో గమనించడం ఎలా

గర్భసంచి క్యాన్సర్‌ను ఒక్క రక్తపరీక్షతో తేల్చే పద్ధతి నేటికీ లేదు. అయితే నీరసమనో, షుగర్ కోసమో, జ్వరం వచ్చిందనో చేయించుకున్న మామూలు పరీక్షల్లో, ముఖ్యంగా రక్తకణాలను లెక్కించే సీబీపీలో, ఈ జబ్బును అనుమానించవలసిన ఆనవాళ్లు కొన్నిసార్లు ముందే కనిపిస్తాయి. నెలసరి ఆగిపోయిన తల్లులు, అత్తలు, పెద్దమ్మలు ఉన్న ప్రతి ఇంట్లోనూ వాటిని చదవడం ఎవరో ఒకరు నేర్చుకోవాలని నా కోరిక.

మొదట చేయవలసింది ఇంట్లో ఉన్న పాత రిపోర్టులన్నీ వెతికి తీసి, తేదీల వరుసలో పేర్చడం. పుత్తూరులో ఉండే మా పెద్దమ్మ రిపోర్టులు బీరువాలో చీరల మడతల మధ్య దొరికాయి. ఏడాదిన్నరలో మూడు చోట్ల చేయించిన మూడు సీబీపీలలో హిమోగ్లోబిన్ 11.6, తర్వాత 10.4, ఆ తర్వాత 9.1గా ఉంది. ఒక్కొక్క డాక్టరు ఒక్కొక్క కాగితమే చూశారు కాబట్టి, ప్రతిసారీ ఐరన్ మాత్రలతోనే సరిపోయింది. మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రమే, నెలసరి ఆగి ఆరేళ్లయిన మనిషికి రక్తం ఎక్కడికి పోతోందన్న ప్రశ్న మాకు తట్టింది. అడిగితే, అప్పుడప్పుడు బట్టకు మచ్చ అంటుతోందని, ఈ వయసులో ఎవరికి చెప్పుకోవాలని ఊరుకున్నానని చెప్పింది. జబ్బు గర్భసంచి దాటకముందే బయటపడింది కాబట్టి ఆపరేషన్‌తో ఆమె కోలుకుంది.

గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తక్కువ ఉంటే దాన్ని రక్తహీనతగా లెక్కిస్తారు. మన ఆంధ్రప్రదేశ్‌లో నెలసరి వచ్చే వయసు స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది కాబట్టి, ఆ ఒక్క అంకె చూసి క్యాన్సర్ అని భయపడటం తగదు. నెలసరి ఆగిపోయాక మాత్రం లెక్క వేరు. ప్రతినెలా పోయే రక్తం ఆగినప్పుడు హిమోగ్లోబిన్ నిలకడగా ఉండాలి లేదా పెరగాలి. తగ్గుతూ పోతుంటే, అది గర్భసంచి నుంచో, కడుపు లేదా పేగుల నుంచో, మరెక్కడినుంచో పోతుండవచ్చునని కారణం వెతకవలసిందే. ఐరన్ మాత్రలు వాడితే అంకె పెరిగి, లోపల జరుగుతున్న రక్తస్రావం కాగితంలో కనబడకుండా పోవచ్చు. అందువల్ల ఏ మాత్రలు ఎప్పటినుంచి వాడుతున్నారో ఆ రిపోర్టు వెనుకనే రాసి పెట్టుకోవాలి.

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అనగానే మనకు అవి తగ్గిపోవడమే గుర్తొస్తుంది. పెరిగితే మంచిదేనని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటాయి. కొన్ని క్యాన్సర్లు విడుదల చేసే రసాయన సంకేతాల వల్ల వీటి తయారీ పెరుగుతుంది. అలాంటి క్యాన్సర్లలో గర్భసంచి క్యాన్సర్ ఒకటి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లో ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకుంది. 55 ఏళ్లు, ఆపైన వయసున్న స్త్రీకి కారణం తెలియని తెల్లబట్ట సమస్య మొదటిసారి వచ్చినా, ఆ సమస్యతో పాటు ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్నా గర్భసంచి స్కానింగ్ చేయించే విషయం ఆలోచించమని ప్రాథమిక స్థాయి డాక్టర్లకు సూచించింది. మూత్రంలో రక్తం కంటికి కనిపిస్తూ, హిమోగ్లోబిన్ తక్కువగా గానీ, ప్లేట్‌లెట్లు లేదా షుగర్ ఎక్కువగా గానీ ఉన్నా అదే సూచన. యోని నుంచి వచ్చే రక్తాన్ని మూత్రంలోని రక్తంగా పొరబడటం సులువు కనుక, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని పదేపదే మందులు వాడుతున్న పెద్దవయసు స్త్రీల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోదగినది.

ప్లేట్‌లెట్లు పెరిగిన ప్రతిసారీ క్యాన్సర్ ఉండదు. ఐరన్ లోపం, ఇన్ఫెక్షన్, కీళ్లవాపు వంటివి కూడా వాటిని పెంచుతాయి. జ్వరం, దగ్గు పూర్తిగా తగ్గాక కొన్ని వారాలకు మళ్లీ సీబీపీ చేయించి, అప్పటికీ నాలుగున్నర లక్షలు దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి.

షుగర్ అంకెకు ఇక్కడ ఉన్న సంబంధం కొంచెం భిన్నమైనది. షుగర్‌తో పాటు తరచు కనిపించే అధిక బరువు ఉన్నప్పుడు కొవ్వు నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారవుతుంది. దానికి అదుపుగా ఉండే మరో హార్మోన్ ప్రొజెస్టెరాన్ నెలసరి ఆగాక ఉండదు కాబట్టి గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. పరగడుపు షుగర్ 126 లేదా అంతకు మించి, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి ఉన్నవారు, బీపీ, పీసీఓడీ ఉన్నవారు, రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ అనే మందు వాడేవారు, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారు మిగతావారికన్నా జాగ్రత్తగా ఉండాలి. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కాస్త ఎక్కువగా చూపించవచ్చు.

ఇంతవరకు చెప్పిన అంకెలన్నింటికన్నా బలమైన ఆనవాలు రక్తస్రావమే. నెలసరి ఆగి ఏడాది గడిచాక ఒక్క చుక్క కనిపించినా, సీబీపీ ఎంత బాగున్నా, స్త్రీ వైద్య నిపుణురాలి దగ్గరకు వెళ్లి తీరాలి. ఈ క్యాన్సర్ వచ్చినవారిలో పదింట తొమ్మిది మందికి రక్తస్రావమే తొలి లక్షణం. అయితే ఇలా రక్తం కనబడినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు కాబట్టి, భయంతో దాచుకోవలసిన పని లేదు. 45 దాటాక నెలసరి గతి తప్పి, రక్తం ఎక్కువగా పోతున్నవారు కూడా వయసు మారుతోందిలే అని సరిపెట్టుకోకూడదు.

డాక్టరుతో నీరసంగా ఉందని మాత్రమే చెబితే మళ్లీ టానిక్కే చేతికొస్తుంది. "నెలసరి ఆగి ఆరేళ్లయిందమ్మా, పోయిన నెలలో రెండుసార్లు రక్తం కనబడింది, ఏడాదిగా హిమోగ్లోబిన్ తగ్గుతోంది, కాగితాలు ఇవిగో" అని వరుసగా చెప్పాలి. లోపలినుంచి చేసే స్కానింగ్‌లో గర్భసంచి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే, ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. తేల్చేది ఆ బయాప్సీయే. పాప్ స్మియర్ గర్భసంచి ముఖద్వారం కోసం చేసేది. అది బాగుందంటే లోపలి పొర బాగున్నట్టు కాదు. సీఏ-125 అనే రక్తపరీక్షలో అంకె క్యాన్సర్ కాని గడ్డల వల్ల కూడా పెరుగుతుంది కనుక, దాన్ని సొంతంగా చేయించుకుని కంగారు పడవద్దు.

తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వైపువారికి వేలూరు సీఎంసీ దగ్గర. ఎన్టీఆర్ వైద్య సేవ కోసం రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోవాలి.

గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. ప్లేట్‌లెట్లు పెరిగాయనో, మున్ముందు క్యాన్సర్ రావచ్చుననో ఎవరైనా ఆపరేషన్‌కు తొందరపెడితే, బయాప్సీ రిపోర్టు ఏదని అడగండి. బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా, కొన్ని నెలలకు మళ్లీ రక్తం కనబడితే పాత రిపోర్టు పట్టుకుని ఊరుకోకుండా తిరిగి చూపించుకోవాలి.