పెద్ద కుక్కకి సెకండ్ హ్యాండ్ కారు – 3వ పాఠం: డిక్కీ కాడ్నుంచి చూడల్ల

పోయిన పాఠంలో చెప్పిన పని చేసినారు కదా, కుక్కని గోడ పక్కన నిలబెట్టి టేపు పట్టి మూడు కొలతలు రాసుకోమంటి. మర్చిపోయినోళ్ల కోసం ఇంగోసారి చెప్తా. నిలబడినప్పుడు నేల నుంచి తల పై దాకా, భుజం దాకా కాదు తల దాకా. ముక్కు నుంచి తోక మొదలు దాకా. పక్కకి వాలి కాళ్లు చాపి పండుకున్నప్పుడు వీపు నుంచి పంజా దాకా. మా కర్రోడు నల్ల లాబ్రడార్, ఆరేండ్లోడు, 34 కిలోలు, వానికి 74, 98, 70 సెంటీమీటర్లు వచ్చినాయి. ఈ మూడు నంబర్లు రాసిన కాగితం జేబులో పెట్టుకునే ఇయ్యాల కారు కాడికి పోతాం.

కారు కాడికి పోతానే మనకి ఒక అలవాటు ఉంటాది, డ్రైవర్ డోరు తీసి స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం, ఆ తర్వాత బానెట్. అమ్మేటోడు కూడా దానికే రెడీగా ఉంటాడు, బానెట్ లోపల షాంపూ పెట్టి కడిగి తళతళా మెరిపించి పెట్టింటాడు. మీరు మాత్రం నేరుగా వెనక్కి పోండి. యాలంటే మీ కుక్క ఈ కారులో ఒక్కసారి కూడా ముందు కూర్చోదు, దానికి కారంటే ఆ వెనకాల నాలుగడుగుల జాగానే, అక్కడ నేల ఎట్లుంది గాలి ఎట్లుంది ఎక్కేకి ఎంత ఎత్తుంది అనేదే దానికి ముఖ్యం. గుత్తి రోడ్డులో మేం ఒక ఎర్టిగా చూసేకి పోయినప్పుడు ఆ పెద్దాయన "ఏమన్నా ఇంజన్ చూడవా, సింగిల్ హ్యాండ్ బండి" అన్నాడు. "చూస్తానన్నా, ముందు డిక్కీ తెరువు" అంటి. ఆయన నా మొహం, కర్రోని మొహం మార్చి మార్చి చూసి తెరిచినాడు.

అసలు ఎస్టేట్ కారే దొరికితే ఈ పాఠంలో సగం అవసరం లేదు. ఎస్టేట్ అంటే ఏం లేదు, సెడాన్ బండికి రూఫుని వెనక దాకా అట్లే లాగేసి నిలువు డోరు పెట్టినట్ల ఉండేది, నేల కిందికి ఉంటాది, లోపల పొడవు ఉంటాది, కుక్కకి దానికంటే మంచి బండి లేదు. మన దేశంలో 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలెనో ఆల్టురా, 2004లో ఇండిగో మెరీనా, జనం మాత్రం వాటిని పెద్దగా కొనలేదు. 2007లో మారుతి ఎస్ఎక్స్4 వచ్చేసరికి ఆ పాత బలెనో కూడా పాయ. 2017లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ వచ్చింది గానీ అది సెకండ్ హ్యాండ్‌లో కూడా మన బడ్జెట్ కాదు. మెరీనా ఒకటి రెండు ఇంగా కనపడతాయి, కానీ ఆర్సీ 15 ఏండ్లు దాటిపోయి ఫిట్‌నెస్ చేయించి ఐదేండ్లకి రెన్యువల్ తెచ్చుకోవల్ల, డోరు బీడింగులు, వెనక అద్దం లాంటివి దొరికేది కష్టం. బండ్ల మీద ప్రేమ ఉండి మెకానిక్ పక్కింట్లో ఉంటే కొనండి, లేకపోతే వద్దు. మనకి ఎస్టేట్ పని చేసేవి మూడు వరుసల సీట్ల బండ్లే, ఎర్టిగా, మొబిలియో, లాడ్జీ, ఇన్నోవా ఇట్లాంటివి. చివరి వరుస మడిస్తే అదే మన ఎస్టేట్.

ఇప్పుడు డిక్కీ తెరిచినాం. మొదట కొలవాల్సింది ఎత్తు, భూమి నుంచి బంపర్ మీద అంచు దాకా. కారు జాతి ఎస్టేట్లలో ఇది సుమారు 60 సెంటీమీటర్లు ఉంటాది, పెద్ద ఎస్‌యూవీల్లో 75 దాటిపోతాది. ఈ పదిహేను సెంటీమీటర్లు ఏమంత అనుకోవద్దండి. మా ముందు కుక్క, జర్మన్ షెపర్డ్, దానికి ఎనిమిదో ఏట తుంటి కీలు దెబ్బతినింది, షెపర్డ్‌లకీ లాబ్రడార్లకీ ఈ తుంటి జబ్బు జాస్తి. అప్పుడు మాకు ఎత్తైన బండి ఉండె. డాక్టర్ కాడికి పోవల్లంటే 38 కిలోల దాన్ని ప్రతిసారీ నేను, మా తమ్ముడు కలిసి ఎత్తి పెట్టేది, ఎత్తేటప్పుడు దానికి నొప్పి లేచి నా చెయ్యి నోట్లో పట్టుకునేది, కొరికేది కాదు, ఊరికే పట్టుకునేది అంతే. ఆ చూపు ఈ రోజుకీ మర్చిపోలేదు. కుక్క ఇప్పుడు కుర్రదే కదా ఎగిరి దూకుతాది అని ఎత్తు బండి కొనద్దు, బండి మీ దగ్గర ఆరేడేండ్లు ఉంటాది, ఆ ఆరేడేండ్లలో కుక్క ముసలిదైపోతాది.

తర్వాత డోరు దారి వెడల్పు, ఎత్తు. ఇక్కడ చాలామంది మోసపోతారు, లోపల జాగా కొలుస్తారు గానీ దారి కొలవరు, లోపల విశాలంగా ఉన్నా దారి కాడ రూఫు అంచు కిందికి దిగింటాది, కుక్క తల వంచి పోవల్ల, ఒకసారి తల తగిలిందంటే మళ్లా ఎక్కమన్నా ఎక్కదు. వెనక అద్దం వాలుగా ఉండే బండిలో ఇంగో ఇబ్బంది, నేల కాడ పొడవు 100 ఉంటాది, తల ఎత్తులో కొలిస్తే 75 కూడా రాదు. కాబట్టి పొడవు రెండు చోట్ల కొలవల్ల, నేల మీద ఒకసారి, మీ కుక్క తల ఎత్తులో ఒకసారి. నేల మీద పొడవు ముక్కు-తోక కొలత కంటే ఎక్కువ ఉండల్ల, రూఫు ఎత్తు తల కొలత కంటే ఐదారు సెంటీమీటర్లన్నా ఎక్కువ ఉండల్ల. ఎత్తు రొంత తక్కువైతే ప్రయాణంలో పండుకునే కుక్కకి సర్దుకోవచ్చు, పొడవు తక్కువైతే మాత్రం వదిలేయండి.

ఇన్నోవా చూసేవాళ్లకి ఒక మాట. పాత ఇన్నోవాలో, క్రిస్టాలో చివరి సీట్లు నేలలోకి మడవవు, రెండు పక్కలకీ లేచి గోడకి వేలాడతాయి. గోడ నుంచి గోడకి కొలిచి సంబరపడద్దు, మడిచిన సీటు నుంచి మడిచిన సీటుకి కొలవండి. ఆ సీట్లు పూర్తిగా పీకేద్దాం అనుకుంటారు కొందరు, పర్మినెంట్‌గా పీకితే ఆర్సీలో ఉన్న సీట్ల లెక్కకి తేడా వస్తాది, ఆర్‌టీఓ ఆఫీసులో చెప్పి మార్పించుకోవాల్సిన విషయం అది. మడిస్తే ఏ గొడవా లేదు. సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో సిలిండర్ ఉంటాది, అక్కడితో మన పని అయిపాయ, తిరిగి వచ్చేయండి.

ఇంగ ఆ గుత్తి రోడ్డు ఎర్టిగాలోకి కర్రోన్ని ఎక్కమన్నాం. ముందు కాళ్లు బంపర్ మీద పెట్టినాడు, ఆ ప్లాస్టిక్ నున్నగా ఉంది, గోర్లు సర్రుమని జారినాయి, కిందికి దిగి నా కాళ్ల వెనక నిలబడినాడు. రెండోసారి పిలిస్తే తోక ఆడించినాడు గానీ కదల్లేదు. ఇంటి నుంచి తెచ్చిన పాత బొంత బంపర్ మీద నుంచి లోపలికి పరిస్తే వాసన చూసి, అది వాడు పండుకునే బొంతే, ఒక్క దూకున ఎక్కినాడు. కాబట్టి కారు చూసేకి పోయేటప్పుడు కుక్కతో పాటు దాని గుడ్డ కూడా తీసకపోండి, ఎక్కలేదంటే బండి తప్పా భయం తప్పా అనేది అప్పుడే తెలుస్తాది. ఎక్కినాక ఒక చుట్టు తిరిగి పండుకుంటాదేమో ఐదు నిమిషాలు ఓపిగ్గా చూడండి, తిరగలేక వెనక్కి వెనక్కి నడుస్తా ఉంటే జాగా చాల్లేదని అర్థం. మడిచిన సీట్ల మధ్య సందులో చెయ్యి పెట్టి చూడండి, పంజా దూరేంత సందు ఉంటే పైన ప్లైవుడ్ చెక్క వేసి కార్పెట్ అతికించాల్సి వస్తాది.

కుక్కని దించేసి ఇప్పుడు బండి జబ్బులు చూద్దాం, అవి కూడా వెనక నుంచే. డిక్కీ డోరుని సగం ఎత్తి వదలండి. డోరుని ఎత్తి పట్టే రాడ్లు మంచిగా ఉంటే తనంతట తనే పైకి పోతాది, నీరసంగా ఉంటే నెమ్మదిగా దిగొస్తాది, ఆ డోరు బరువు కుక్క నడుం మీద పడితే ఏమవుతాదో ఆలోచించండి. రాడ్లు మార్చుకోవచ్చు, రేటు తగ్గించమని అడగొచ్చు. తర్వాత పది రూపాయల నోటు తీసి డోరు అంచున రబ్బరు మీద పెట్టి డోరు వేసి లాగండి, బిగుతుగా రావల్ల. ఈ పరీక్ష చుట్టూరా ఏడెనిమిది చోట్ల చెయ్యల్ల. నోటు వదులుగా జారొస్తే ఆ రబ్బరు పోయిందన్నమాట, వాననీళ్లూ దుమ్మూ సరే, సైలెన్సర్ పొగ కూడా అక్కడ్నుంచే లోపలికి వస్తాది, ఆ పొగ మొదట పీల్చేది నేల మీద పండుకున్న మీ కుక్కే.

మ్యాటు ఎత్తి స్టెప్నీ ఉండే చోటు, చుట్టూ రేకు చూడండి. కంపెనీలో వేసిన వెల్డింగు చుక్కలు వరసగా ఒకే సైజులో ఉంటాయి. రేకు ముడతలు పడి సుత్తితో సాపు చేసిన గుర్తులు ఉన్నా, ఒక పక్క రంగు వేరేగా ఉన్నా, వెనక నుంచి గట్టిగా గుద్దించుకున్న బండి అది. గుత్తి రోడ్డు కంటే ముందు చూసిన ఒక బండిలో మాకు ఇదే కనపడింది, పైన పెయింటు అద్దంలా ఉంది, మ్యాటు కింద రేకు అప్పడంలా నలిగింది. అమ్మే మనిషికి ఒక్క మాట అనలేదు, టేపు చుట్టుకుని వచ్చేసినాం. అదే చోట అడుగున బురద పేరుకుని కనపడినా వదిలేయండి, సీటు బెల్టు చివర దాకా లాగితే దాని మీద కూడా మట్టి గీత తెలుస్తాది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో శానా బండ్లు మునిగినాయి, అట్లాంటివి కడిగి వేరే ఊర్లలో అమ్మేకి చూస్తారు. మనిషి ముక్కుకి సెంటు కొడితే సరిపోతాది, కుక్క ముక్కుకి ఆ కుళ్లు వాసన ఎన్నేండ్లైనా పోదు.

ఇంగ అన్నిటికంటే పెద్ద విషయం, గాలి. మనది అనంతపురం, ఎండాకాలం 40 దాటే ఊరు. కుక్కకి మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి ఎగరోజడమే దానికి ముఖ్యమైన దారి, చుట్టూ గాలే వేడిగా ఉంటే అది కూడా పని చెయ్యదు. దాని మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు, 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్లే. బయట 24 ఉండే చల్లని రోజున కూడా మూసిన కారులో పది నిమిషాలకే 34 అవుతాది, అరగంటకి 43. అద్దం రెండు వేళ్లు దించినా పెద్ద తేడా ఉండదు. ఏసీ లేకుండా బండి నిలిపి ఐదు నిమిషాల్లో వస్తాలే అని కుక్కని లోపల వదిలి పోయే పని జన్మలో చెయ్యద్దు, ఈ ఒక్క మాట మాత్రం నన్ను నమ్మండి.

కాబట్టి బండి చూసేకి మధ్యాహ్నం రెండు గంటలకి పోండి. పొద్దున్నే చల్లని పూట ఏ బండి ఏసీ అయినా బాగానే ఉంటాది. మందుల షాపు జ్వరం థర్మామీటర్ కాదు, గోడకి పెట్టే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, అది డిక్కీ నేల మీద పెట్టి, ఏసీ వేసి, తెలిసిన మనిషికి స్టీరింగ్ ఇచ్చి మీరు వెనక వరుసలో కూర్చోండి. పదిహేను నిమిషాలు తిప్పమనండి. గుత్తి రోడ్డు ఎర్టిగాలో అట్ల కూర్చుంటే ముందు 24 చూపించింది, వెనక 33. రూఫులో రెండో వరుస కోసం ఇచ్చిన బ్లోయర్ ఉంది కదా, దానికి చెయ్యి పెడితే గాలే లేదు. పెద్దాయనకి నిజంగానే తెలీదు, పదేండ్లుగా ముందు సీట్లోనే కూర్చున్నాడు. మెకానిక్‌ని పిలిపిస్తే మోటారు కాలిపోయిందన్నాడు, వేరేది పెట్టి నడిపి చూస్తే వెనక 27కి దిగింది. నలిగిన రేకుకీ కాలిన మోటారుకీ తేడా ఇదే, మొదటిదానికి మందు లేదు, రెండోది రేటులో తగ్గించుకుని బాగు చేయించుకునే జబ్బు.

అదే తిప్పుడులో స్పీడు బ్రేకర్ల మీద వెనక ఎట్ల ఎగురుతాదో మీ నడుముకే తెలుస్తాది. ఒకసారి ఎగిరి కుదురుకుంటే మంచిది, రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జర్లు పోయినట్లు, అట్లాంటి బండిలో కుక్క తాడిపత్రి చేరేలోపల కక్కుతాది. ఇంగ రెండో వరుస సీట్ల వెనక ఇనుప జాలీ బిగించేకి హెడ్‌రెస్టు కడ్డీలు, నేల మీద కొక్కేలు ఉన్నాయా చూడండి. గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో గుద్దితే పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మిద్దె మీద నుంచి పడినంత వేగం. 34 కిలోల కుక్క ఆ వేగంతో ముందుకొస్తే దానికీ ప్రమాదమే, ముందున్న పిల్లోళ్లకీ ప్రమాదమే. జాలీ ఖర్చు కారు బడ్జెట్‌లోనే కలుపుకోండి.

ఎర్టిగాకి మేం బయానా ఇంగా ఇయ్యలేదు. ఏపీ 02 నంబర్ ఉంది, అంటే 2019 కంటే ముందు మన జిల్లాలోనే రిజిస్టర్ అయింది, కానీ ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంగా ఉంది. లోన్ తీరిపోయిందంటాడు పెద్దాయన, కాగితం ఇంట్లో యాడో ఉందంటాడు. లోన్ తీరిందని ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఆ ఫారం 35 సంగతి, బెంగళూరు నుంచి వచ్చే కేఏ బండ్లకి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), లైఫ్ ట్యాక్స్ సంగతి 4వ పాఠంలో.

అంతలోపల మీ పని: ఏ బండీ కొనద్దు, తెలిసినోళ్లవి మూడు బండ్లు చూడండి, చుట్టాలవైనా పర్లేదు. ఒక్కోదానికి అంచు ఎత్తు, దారి వెడల్పు, దారి ఎత్తు, నేల మీద పొడవు, తల ఎత్తులో పొడవు, లోపల రూఫు ఎత్తు, పదిహేను నిమిషాల ఏసీ తర్వాత వెనక ఎన్ని డిగ్రీలు, ఈ ఏడు నంబర్లు మీ కుక్క కొలతలు రాసిన కాగితం వెనకే రాసి పెట్టుకోండి.