ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు: ఫీజు కట్టకముందే అడగవలసిన పట్టిక

పర్లాకిమిడి నుంచి ప్రతి కళాశాలనూ చూడటానికి విశాఖపట్నమో భువనేశ్వరమో వెళ్ళి రావడానికే బోలెడు డబ్బు ఖర్చవుతోంది. ఫిజీషియన్ అసిస్టెంట్ (వైద్యుల పర్యవేక్షణలో పనిచేసే సహాయకులు) కోర్సులో చేరాలనుకుంటున్న మా మేనకోడలి కోసం ఈసారి ముందుగా ఐదు కళాశాలలకు ఫోను చేసి, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఏ విభాగంలో ఎన్ని వారాలో తెలిపే పోస్టింగుల పట్టికను పంపమని అడిగాము. మూడే పంపాయి, వాటిలో ఒకదానిలో 'ఆసుపత్రి శిక్షణ, 12 నెలలు' అన్న ఒక్క వరుసే ఉండటంతో దానిని పక్కనపెట్టి, మిగిలిన రెండింటికే వెళ్ళాము. శస్త్రచికిత్స, అత్యవసర విభాగం, ఐసీయూ మూడూ పట్టికలో విడివిడిగా కనిపించాలి. ఆరోగ్య వృత్తుల కోర్సులకు సంబంధించిన 2021 నాటి జాతీయ చట్టం ప్రకారం డిగ్రీ కోర్సు మొత్తానికి కనీసం 3,600 గంటలు ఉండాలి కనుక, ఇంటర్న్‌షిప్ గంటలే కాక కోర్సు మొత్తం గంటలను కూడా అడిగి చూడండి.

ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాని కళాశాల విషయంలో మాత్రం కాగితాన్ని నమ్మవద్దు. పట్టికలో ఉన్న ఆసుపత్రికే స్వయంగా వెళ్ళి విచారించండి.