వాలు కట్టే ముందు చూసుకోవాల్సినవి

రెండు బిందువులిచ్చి రేఖ వాలు కనుక్కోమంటే చివరికి మిగిలేది ఒక్క భాగహారమే. తప్పులన్నీ దానికి ముందే జరిగిపోతాయి.

– మొదట ఎక్స్ విలువలు చూడండి. (4, 1), (4, 9) లాగా రెండూ ఒకటే అయితే వాటి తేడా సున్నా, అంటే భాగహారంలో కింద సున్నా వస్తుంది. అది నిలువు రేఖ, దాని వాలు నిర్వచితం కాదు. చాలామంది ఇక్కడ ‘సున్నా’ అని రాసేస్తారు. వాలు సున్నా అయ్యేది అడ్డంగా ఉన్న రేఖకి, అంటే వై విలువలు ఒకటైనప్పుడు.

– వై తేడా పైన, ఎక్స్ తేడా కింద.

– ఏ బిందువుతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. పైన దేనితో మొదలుపెట్టారో కింద కూడా దానితోనే మొదలుపెట్టాలి. లేదంటే గుర్తు తారుమారవుతుంది.

– అసలు టెన్షన్ మైనస్‌లతోనే. (3, −2), (−1, 6) తీసుకోండి. పైన 6 − (−2), అంటే 8. బ్రాకెట్ పెట్టకపోతే చెయ్యి దానంతట అదే 6 − 2 అని రాసేస్తుంది, నాకిప్పటికీ జరుగుతుంది! కింద −1 − 3, అంటే −4. వాలు −2.

– పక్కన చిన్న రఫ్ బొమ్మ గీసుకోండి. గీత ఎడమ నుంచి కుడికి దిగుతుంటే జవాబులో మైనస్ ఉండాలి.