ఆచూకీ లేని మనిషి గురించిన వార్త: ‘ట’ ఎక్కడ రాలిపోయింది?

మనిషి కనిపించకుండా పోయిన తొలి రెండు మూడు రోజుల్లో ఖాయంగా తెలిసేవి చాలా తక్కువ. ఎవరు, ఏ దుస్తుల్లో ఉన్నారు, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారు, అంతే. వార్తలు మాత్రం గంటగంటకీ రావాలి. ఆ ఖాళీలోకి ఊహలు దూరతాయి. విన్న మాటకీ చూసిన మాటకీ తేడా చెప్పడానికి తెలుగులో ఒక్క అక్షరం చాలు: ‘వెళ్లిందట’. ఫోన్‌లో విన్నది స్క్రోలింగ్‌గా, స్క్రోలింగ్ హెడ్డింగ్‌గా మారేసరికి ఆ ‘ట’ రాలిపోయి ‘వెళ్లింది’ మిగులుతుంది. రాలిన ‘ట’ను వెతికి మళ్లీ తగిలించడమే మన పని. ఆ హెడ్డింగ్‌ను ఇంట్లో ఎదురుచూస్తున్న అమ్మానాన్నలు కూడా చదువుతారు, అందుకే ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

సమస్య: చివరిసారి కనిపించిన సమయం ఒక్కోచోట ఒక్కోలా ఉంది

ఒక చోట రాత్రి 9 అని, ఇంకోచోట 9:40 అని, మరోచోట 10:15 అని వచ్చిందనుకోండి. ‘పొంతన లేదు, ఏదో దాస్తున్నారు’ అనే మాట వెంటనే బయల్దేరుతుంది. నిజానికి మూడూ సరైనవే కావచ్చు. 9 గంటలకు పక్కింటాయన చూశాడు. 9:40కి సీసీ కెమెరాలో పడింది. 10:15కి ఫోన్ చివరి సిగ్నల్ వచ్చింది.

మొదటిది జ్ఞాపకం. వీధిలో ఎవరినో చూసినప్పుడు గడియారం చూసుకునేవాళ్లు అరుదు. రెండోది కెమెరాలో పెట్టిన టైము. అది ముందుకో వెనక్కో ఉండటం మామూలే. దర్యాప్తు చేసేవాళ్లు దాన్ని అసలు టైముతో సరిచూస్తారు కానీ, అది పూర్తయ్యేలోపే వార్త వచ్చేస్తుంది. మూడోది అసలు మనిషి గురించే కాదు, ఫోన్ గురించి. అది ఇంకొకరి చేతిలో ఉండొచ్చు, ఏ సీటు కిందో పడి ఉండొచ్చు. పైగా ఒక్క టవర్‌ని బట్టి తెలిసేది సుమారు ప్రాంతమే. జనం పలచగా ఉన్న చోట అది కిలోమీటర్ల మేర ఉంటుంది.

పరిష్కారం: కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు సమయం, కుడివైపు ‘ఎలా తెలిసింది’ అన్నది రాయండి. కుడివైపు ఏమీ రాయలేకపోతే ఆ సమయాన్ని పక్కన పెట్టేయండి. ‘ఫోన్ సిగ్నల్ ఫలానా చోట ఆగింది’ అన్నది రెండో పేరాలో ‘ఆమె ఫలానా చోటికి వెళ్లింది’ అయిపోతే, ఆ రిపోర్టులో మిగతా సంగతులను కూడా నేను అనుమానంగానే చదువుతాను.

సమస్య: పది చోట్ల వచ్చింది, కాబట్టి నిజమే అనిపిస్తోంది

పదింటికీ మూలం ఒక్కటే అయ్యుండొచ్చు, ఒక వార్తా సంస్థ పంపిన కాపీయో ఒక బంధువు పెట్టిన పోస్టో. పేరులో ఒకే అక్షరదోషం, వరుస మారని వాక్యాలు కనిపిస్తే కాపీ అని తేలిపోయినట్టే. వార్తలను కాదు, మూలాలను లెక్కపెట్టండి. ‘తెలుస్తోంది’, ‘విశ్వసనీయ సమాచారం’ అన్న చోట మూలం దగ్గర సున్నా వేసుకోండి.

సమస్య: పోలీసులు ఒకరిని పిలిచారు, వార్తలో అతను అప్పుడే నేరస్థుడైపోయాడు

సాక్షి, అనుమానితుడు, నిందితుడు, దోషి అనేవి నాలుగు వేర్వేరు మెట్లు. హెడ్డింగ్ ఒక్క గెంతులో పై మెట్టుకు చేరుతుంది. 2007 మే 3న పోర్చుగల్‌లోని ప్రయా ద లూజ్‌లో మూడేళ్ల బ్రిటిష్ పాప కనిపించకుండా పోయింది. అక్కడి చట్టంలో, అనుమానంతో ప్రశ్నించేవాళ్లకు ఇచ్చే ‘అర్గీదో’ అనే హోదా ఉంది. అది పొందినవాళ్లకు మౌనంగా ఉండే హక్కు, లాయరు సాయం తీసుకునే హక్కు వస్తాయి. ఆ పాప తల్లిదండ్రులకూ, స్థానికంగా ఉండే ఒక వ్యక్తికీ ఆ హోదా ఇచ్చారు. కొన్ని బ్రిటిష్ పత్రికలు వాళ్లే చేశారన్నట్టు రాశాయి. 2008 మార్చిలో, వాటిలో కొన్నింటిని నడిపే బ్రిటన్‌లోని ఎక్స్‌ప్రెస్ గ్రూపు తల్లిదండ్రులకు మొదటి పేజీలో క్షమాపణ చెప్పి 5,50,000 పౌండ్లు చెల్లించింది. జులైలో ఆ స్థానికుడికి 11 పత్రికలు కలిపి 6,00,000 పౌండ్లు ఇచ్చాయి.

పరిష్కారం: హెడ్డింగ్‌లోని మాట వదిలేసి, పోలీసుల ప్రకటనలో వాడిన మాట చూడండి. వేరే భాష నుంచి వచ్చిన వార్తయితే ఆ దేశపు చట్టంలో ఆ మాటకు అర్థమేమిటో వెతకండి.

సమస్య: టీవీలో నిపుణుడు చాలా ధీమాగా చెబుతున్నాడు

2023 జనవరి 27న ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఒక మహిళ వైర్ నది ఒడ్డున నడుస్తూ కనిపించకుండా పోయింది. నదిలో పడి ఉండొచ్చని పోలీసులు అంటూ వచ్చారు. నదిలో వెతికిన ఒక ప్రైవేటు బృందం నాయకుడు ఆమె అక్కడ ఉందనుకోవడం లేదని మీడియాతో చెప్పడంతో ఇతర ఊహలకు రెక్కలొచ్చాయి. ఊరి మీదకు కెమెరాలతో జనం దిగారు. ఫిబ్రవరి 19న మృతదేహం అదే నదిలో దొరికింది. ప్రమాదవశాత్తూ మునిగి చనిపోయిందని జూన్‌లో కరోనర్ (మరణాల కారణాన్ని విచారించే అధికారి) తేల్చారు.

ఆ బృందం నాయకుడు అబద్ధమాడాడని నేను అనడం లేదు. తాను వెతికిన మేరకు లేదు అన్నది, అసలు నదిలోనే లేదు అన్నట్టు జనంలోకి వెళ్లింది. నిపుణుడు మాట్లాడినప్పుడు ఆయన స్వయంగా చూసిందేమిటి, ఎంత మేర చూశాడు అన్న రెండిటినే పట్టుకోండి.

సమస్య: వార్తలో ఒక ముక్క తప్పని తేలింది, మొత్తం కొట్టిపారేయాలా?

అక్కర్లేదు. 2002లో ఇంగ్లండ్‌లో అదృశ్యమై హత్యకు గురైన 13 ఏళ్ల బాలిక వాయిస్‌మెయిల్‌లోకి (ఫోన్ ఎత్తనప్పుడు అవతలివాళ్లు రికార్డు చేసే సందేశాల్లోకి) ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ అనే బ్రిటిష్ పత్రిక తరఫు మనుషులు చొరబడ్డారని 2011 జులైలో మరో బ్రిటిష్ పత్రిక ‘గార్డియన్’ బయటపెట్టింది. సందేశాలను వాళ్లే చెరిపేయడంతో బిడ్డ బతికే ఉందని కుటుంబం ఆశపడిందని కూడా రాసింది. ఆ నెలలోనే ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ మూతపడింది. డిసెంబరు నాటికి, ఆ సందేశాలు వాటంతట అవే చెరిగిపోయి ఉండొచ్చని పోలీసుల పరిశీలనలో తేలింది. చొరబాటు మాత్రం నిజం. వాక్యం వాక్యం విడదీసి తూచాలి. తప్పును బాహాటంగా సరిదిద్దుకున్న పత్రికకు నా దగ్గర మార్కులు పెరుగుతాయి.

సమస్య: ‘దొరికారు’ అన్న కబురు మీ దాకా రాలేదు

తప్పిపోయిన వార్త తిరిగినంత వేగంగా దొరికిన వార్త తిరగదు. షేర్ చేసే ముందు పోస్టు తేదీ చూడండి, పోలీసుల పేజీలో ఆ ప్రకటన ఇంకా ఉందో లేదో చూడండి. మీకేదైనా తెలిస్తే కామెంట్లలో కాకుండా ఆ ప్రకటనలో ఉన్న నంబరుకే చెప్పండి. మనిషి దొరికాక, మీరు పెట్టిన ఫోటోను అదే రోజు తీసేయండి.